జీపుకి హామ్ రేడియో (అభిరుచి కోసం వాడే వైర్‌లెస్) యాంటెన్నా బిగించే ముందు

- హామ్ లైసెన్సు చేతికి రాకుండా ప్రసారం చేయొద్దు.
- ముందు టాప్ చూడండి. ఫైబర్, కాన్వాస్ టాపులకి మాగ్నెట్ బేస్ అంటుకోదు. పైగా రేడియో తరంగంలో పావు వంతు పొడవుండే క్వార్టర్ వేవ్‌కి కింద రేకు ఉండాలి. రేకు లేకపోతే బానెట్ అంచున బ్రాకెట్ వేసి తరంగంలో సగం పొడవుండే హాఫ్ వేవ్ పెట్టుకోవడం నయం.
- బ్రాకెట్ ఆనే చోట పెయింటు గీకి, మెరిసే రేకు తేల్చండి. బిగించాక చుట్టూ గ్రీజు రాయాలి, లేదంటే మొదటి వానకే తుప్పు మొదలవుతుంది.
- 145 మెగాహెర్ట్జ్‌కి క్వార్టర్ వేవ్ అర మీటరే. అడవి దారిలో కొమ్మలకి అంతగా తగలదు, గతుకులకి ఊగదు. నా ఓటు దానికే. పొడవైనది తప్పదంటే అడుగున స్ప్రింగు ఉండాల్సిందే.
- కేబుల్ తలుపు సందులో నలగకూడదు.
- కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే.
- తక్కువ పవర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తుందో చెప్పే కొలత) చూడండి. 2 దాటితే మైకు నొక్కొద్దు.
- పైన కరెంటు తీగలుంటే బండి పక్కకి తీశాకే యాంటెన్నా ఎత్తండి.