ఎర్రర్ నాణెమా, దెబ్బతిన్న నాణెమా: తేల్చుకోవడం ఎలా?

టంకశాలలోనే (మింట్‌లోనే) తయారీలో తప్పు జరిగి వచ్చినదాన్ని ఎర్రర్ నాణెం అంటారు. చేతికొచ్చిన నాణెం తేడాగా కనిపిస్తే ముందు ఆలోచించాల్సింది దాని ధర గురించి కాదు, ఆ తేడా టంకశాలలో ఏ పని దగ్గర వచ్చి ఉంటుందన్నది. అక్కడ లోహపు పట్టీ నుంచి బిళ్లలు కోస్తారు. వాటి చుట్టూ అంచు లేపుతారు. తర్వాత కాలర్ అనే ఉక్కు వలయంలో పెట్టి, పైనా కిందా రెండు డైల (బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చుల) మధ్య నొక్కి ముద్ర వేస్తారు. ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా, ఏ మింట్ అయినా పద్ధతి ఇదే. వీటిలో ఏ పనికీ పొసగని తేడా బయట తగిలిన దెబ్బే.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం, వెడల్పు కొలిచే వెర్నియర్ క్యాలిపర్స్, పక్క నుంచి వెలుగు పడే దీపం చాలు. పోల్చుకోవడానికి అదే సంవత్సరం, అదే రకం మంచి నాణెం ఒకటి పక్కన పెట్టుకోండి. 1992–2004 మధ్య వచ్చిన స్టీలు రూపాయి తూకం 4.85 గ్రాములు, వెడల్పు 25 మి.మీ. పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) ఐదు రూపాయలు 9 గ్రాములు, 23 మి.మీ. రెండు లోహాల పది రూపాయలు 7.71 గ్రాములు, 27 మి.మీ. తూకం గణనీయంగా తగ్గి, అక్షరాలు మెత్తగా కరిగినట్టుంటే యాసిడ్‌నో, అరగదీయడాన్నో అనుమానించండి.

గీతలు కనిపిస్తే భూతద్దంలో ఒక్కటే చూడండి: గీత పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా? డై పగిలితే ఆ పగులులోకి లోహం ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బుగా వస్తుంది. మేకుతోనో కత్తితోనో గీస్తే గుంట పడుతుంది, తవ్విన లోహం ఆ గుంట ఒడ్డున పోగవుతుంది. సంవత్సరంలో ఒక అంకె మాయమైనప్పుడూ ఇలాగే చూడాలి. డైలో గ్రీజు నిండడం వల్ల అంకె పడకపోతే, అక్కడి ఉపరితలం చుట్టూ ఉన్న చోటులాగే నునుపుగా, అదే మెరుపుతో ఉంటుంది. గీకేస్తే సన్నని గీతలు ఒకే దిక్కుగా కనిపిస్తాయి.

అంచున ముక్క పోయిన నాణేల్లో మోసం ఎక్కువ. పట్టీ సరిగా జరగక, ముందు కోసిన రంధ్రం మీదికి కోత మళ్లీ పడితే బిళ్లకు చంద్రవంక ఆకారంలో లోటు వస్తుంది. అంచు లేపే యంత్రంలో ఆ లోటు దగ్గర ఒత్తిడి ఉండదు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోట కూడా అంచు సరిగా లేవదు. కాబట్టి లోటు దగ్గర కాదు, దాని ఎదుటి వైపు చూడండి. అక్కడ గట్టు పలచబడితే మంచి సూచన. అయితే ప్రతి అసలు నాణెంలోనూ ఇది స్పష్టంగా ఉండదు, అందుకే లోటు పక్క అక్షరాలు కూడా చూడాలి. అసలు దాంట్లో లోహం ఖాళీ వైపు జారి అక్షరాలు సాగినట్టో సన్నబడినట్టో ఉంటాయి. ఆకురాయితో తీసిన చోట మామూలు అక్షరం సగానికి తెగిపోయి ఉంటుంది, కోసిన అంచున ఆకురాయి చారలు ఉంటాయి.

అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగిన బొమ్మ ఉన్న నాణేలు చూడగానే ఆశ పెడతాయి. అసలైనది ఎలా వస్తుందో తెలిస్తే నకిలీ దొరికిపోతుంది. ముద్ర పడ్డ నాణెం పై డైకే అంటుకుపోతుంది. తర్వాతి బిళ్లకు పై నుంచి ఆ డై కాకుండా, అంటుకున్న నాణెం కింది ముఖం తగులుతుంది. దాంతో కొత్త నాణెం రెండు వైపులా ఒకే బొమ్మ ఉంటుంది: ఒక వైపు మామూలుగా, ఇంకో వైపు తిరగబడి లోపలికి. ఒక వైపు సింహాలు సరిగా ఉండి, రెండో వైపు విలువ అంకె తిరగబడి కనిపిస్తే ఈ కథ కుదరదు. రెండు నాణేలు కలిపి బెంచ్ వైస్‌లో బిగించినా, సుత్తితో కొట్టినా అలా వస్తుంది. అప్పుడు తిరగబడ్డ అక్షరాల కింద పాత ముద్ర చదునై కనిపిస్తుంది. ఆ ఒక్క పరీక్షే చాలా నాణేలను పక్కన పెట్టిస్తుంది.

పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ల వంకరగా తిరిగి ఉందని అమ్మేవాళ్లుంటారు. ఒక ముఖం మీద మధ్య బిళ్లకూ బయటి వలయానికీ కలిపి ఒకే డై ముద్ర వేస్తుంది. అందుకే అదే ముఖం మీద సింహాలు ఒక దిక్కుకు, వలయం మీది అక్షరాలు ఇంకో దిక్కుకు తిరిగి ఉండటం మింట్‌లో సాధ్యం కాదు. బిళ్లను ఊడగొట్టి మళ్లీ దూర్చారన్నమాట. కలిసే చోట నొక్కిన గుర్తులు వెతకండి. డై తిరిగిన అసలు తప్పులో మొత్తం ముఖం తిరుగుతుంది. మన నాణేన్ని పై, కింది అంచుల దగ్గర పట్టుకుని పక్కకు తిప్పితే రెండో వైపు బొమ్మ కూడా నిటారుగా రావాలి. కొంచెం వాలితే పట్టించుకోవద్దు, ఎక్కువ తిరిగితేనే విలువ.

రైలు పట్టాల మీద పెట్టిన నాణెమూ, కాలర్ లేకుండా ముద్ర పడిన నాణెమూ రెండూ వెడల్పు పెరుగుతాయి, తూకం మారదు. తేడా బొమ్మలో తెలుస్తుంది. కాలర్ లేనిదానికి మధ్య బొమ్మ స్ఫుటంగా, రెండు వైపులా పూర్తిగా ఉంటుంది. రైలు నలిపినదానికి బొమ్మ చదునై, నాణెం కోలగా సాగిపోతుంది.

ఏది తేల్చే ముందైనా నాణేన్ని చింతపండుతో గానీ పాలిష్‌తో గానీ తోమకండి. మింట్ మెరుపు పోతే అసలుదానికి కూడా రుజువు పోతుంది. కొనేటప్పుడు రెండు ముఖాలతో పాటు అంచు ఫొటో, తూకం అడగండి. అవి ఇవ్వడానికి నసిగేవాళ్ల దగ్గర కొనవద్దు.