కుళాయి నీళ్ళు మురుగు వాసనొస్తుంటే ఏం చెయ్యాలి (విజయవాడ, గుంటూరు వాళ్ళ కోసం)

ముందు ఒక విషయం చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుద్ది. విజయవాడలో అయినా గుంటూరులో అయినా మనం ఎక్కువగా తాగేది కృష్ణ నీళ్ళే, ప్లాంటు దగ్గర ఫిల్టర్ చేసి క్లోరిన్ కలిపే పంపిస్తారు, చెడిపోయేది ఎక్కువగా మన వీధిలోకి వచ్చాక, అదీ మెయిన్ లైను నుంచి మన ఇంటికి వచ్చే ఆ చిన్న సర్వీస్ పైపులో. పాత పేటల్లో చూడండి, ఆ పైపు సైడు కాలవలోనుంచే పోతుంటుంది. నీళ్ళు రోజంతా రావు కదా, పొద్దునో సాయంత్రమో కాసేపు వదిలి ఆపేస్తారు, ఆపాక పైపులో ప్రెషర్ ఉండదు, తుప్పు పట్టి ఎక్కడన్నా చిల్లు పడిందంటే కాలవలో మురుగు ఆ చిల్లులోనుంచి లోపలికి పోద్ది, మళ్ళీ పంపు వదిలినప్పుడు అదే మన బిందెలోకి వస్తుంది. 2018 మార్చిలో పాత గుంటూరులో తాగే నీళ్ళలో మురుగు కలిసి వందల మందికి వాంతులు విరేచనాలు అయ్యి, ప్రాణాలు కూడా పోయాయి. అందుకే వాసనొచ్చింది కదా రేపు చూద్దాంలే అని మాత్రం ఊరుకోవద్దు.

మొదట మీ ఇంటి పైపు సంగతి చూస్కోండి. పంపు వదలగానే వచ్చే నీళ్ళు ఒక గాజు సీసాలో పట్టండి, కాసేపయ్యాక ఇంకో సీసా పట్టండి. మొదటిది మాత్రమే మురికిగా ఉండి తర్వాత తేటగా వస్తే చిల్లు మీ ఇంటి దగ్గర్లోనే ఉండొచ్చు, వీధిలో అందరికీ అలాగే వస్తుంటే మెయిన్ లైను మీద అనుమానం పడాలి. పక్కింటి వాళ్ళనీ ఎదురింటి వాళ్ళనీ తప్పకుండా అడగండి. ఇంకోటి, నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు, కొంచెం క్లోరిన్ వాసనొస్తే భయపడక్కర్లేదు, అసలు క్లోరిన్ లేకపోతేనే భయపడాలి.

చిల్లు మీ ఇంటి పైపులోనే అని తేలితే ఫిట్టర్ని పిలిచి పాత ఇనప పైపు తీసేయించి కొత్త ప్లాస్టిక్ పైపు వేయించండి, కాలవ దాటే చోట అది మురుగులో మునక్కుండా పైనుంచి పోవాలి, పైగా దానికి ఇంకో పెద్ద పైపు తొడుగులా వెయ్యాలి, కాలవ లోపల ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. మున్సిపల్ లైను ముట్టుకునే పని కాబట్టి వార్డు సచివాలయంలో నీళ్ళ పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పి చేయించుకోండి.

మోటారు గురించి గట్టిగానే చెప్తున్నా. కుళాయి పైపుకే డైరెక్టుగా మోటారు బిగించి లాగుతుంటారు చాలామంది, నీళ్ళు సన్నగా వస్తున్నాయని, వాళ్ళ బాధ నాకూ తెలుసు. కానీ మోటారు లాగినప్పుడు పైపులో చిల్లు ఎక్కడుంటే అక్కడ్నుంచి మురుగు కూడా స్ట్రాతో పీల్చినట్టు వచ్చేస్తుంది, మీ ఇంటికే కాదు వీధి మొత్తానికి. నీళ్ళు వాటంతట అవి సంపులోకి దిగాలి, మోటారు సంపు నుంచి డాబా మీద ట్యాంకుకి ఎక్కించడానికే పెట్టుకోవాలి.

లెట్రిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు సైడు కాలవలోకి వదిలేసిన ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ కాలవలోనే తాగునీటి పైపులు కూడా ఉంటే ఏమవుద్దో వేరే చెప్పాలా. అండర్ గ్రౌండ్ డ్రైనేజీ ఉన్న వీధి అయితే దానికి కనెక్షన్ తీసుకోండి, లేకపోతే ఇంకుడు గుంత తవ్వించండి, అది బోరుకీ సంపుకీ వీలైనంత దూరంగా ఉండాలి.

సంపులోకి మురుగు నీళ్ళు వచ్చాయని తెలిస్తే అవి మొత్తం తోడేసి, అడుగున మడ్డి తీసి, గోడలు బ్రష్షుతో రుద్ది కడగండి. లోపలికి ఒక్కళ్ళే దిగొద్దు, మూత చాలాసేపు తీసి ఉంచాకే దిగాలి, పైన ఇంకో మనిషి ఉండాలి. తర్వాత నీళ్ళు నింపి 1000 లీటర్లకి 150 గ్రాముల లెక్కన కొత్త బ్లీచింగ్ పౌడర్ బకెట్టులో కలిపి పోసి, అవి కుళాయిల్లోకి కూడా వచ్చేలా ఒకసారి తిప్పి, రాత్రంతా ఉంచి పొద్దున్నే మొత్తం వదిలెయ్యండి, ఆ నీళ్ళు తాగకూడదు, వంటకీ వాడకూడదు. డబ్బా ఎప్పుడో విప్పిన పాత పౌడర్ పనిచెయ్యదు, అందులో క్లోరిన్ ఎగిరిపోతుంది. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం దాంతో కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఆ తర్వాత రోజువారీ వాడకానికి అయితే 1000 లీటర్లకి రెండున్నర గ్రాములు చాలు, కలిపాక గంటసేపు ఆగాలి.

తాగే నీళ్ళు మాత్రం అనుమానం తీరేదాకా కాచే తాగండి, బుడగలు బాగా తెర్లాక ఒక నిమిషం ఉంచి దించి, మూత పెట్టి చల్లార్చండి. గ్యాస్ ఖర్చు అనుకుంటే క్లోరిన్ మాత్రలు వాడండి, ఒక్కో మాత్ర ఎన్ని లీటర్లకో స్ట్రిప్పు మీద చూసి వెయ్యండి. 20 లీటర్ల క్యాను తెచ్చుకుంటున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకి ఒక మాట, లోపల నీళ్ళు మంచివే అయినా క్యాను కడగకపోయినా గ్లాసు ముంచినా అంతే సంగతులు.

ఇంట్లో ఎవరికైనా విరేచనాలు మొదలైతే ఆలస్యం చెయ్యకుండా ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరుకి 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, తలగొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పిల్లలు కానీ ముసలోళ్ళు కానీ కళ్ళు లోపలికి పోయి, మూత్రం రాక, మత్తుగా పడుంటే 108కి ఫోన్ చేసెయ్యండి. వీధిలో రెండు మూడు ఇళ్ళల్లో ఇలా ఉంటే ఏఎన్ఎమ్ గారికీ ఆశా వర్కర్‌కీ అదే రోజు చెప్పాలి, వాళ్ళు చెప్తేనే పైవాళ్ళు కదుల్తారు.

ఫిర్యాదు ఎలా చెయ్యాలంటే, నోటితో చెప్పి వచ్చెయ్యకండి. ఏ రోజు, ఏ టైముకి, ఏ డోర్ నంబరు దగ్గర నీళ్ళు ఎలా వచ్చాయో రాసి, ఆ సీసాల ఫోటోలు పెట్టి, వీధిలో పదిమంది సంతకాలతో సచివాలయంలో ఇచ్చి రసీదు అడగండి. అందులో మూడు అడగండి: మా కుళాయి దగ్గరే క్లోరిన్ టెస్ట్ చెయ్యాలి, శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి, లైను బాగయ్యేదాకా ట్యాంకర్ పంపాలి. టెస్ట్ అంటే పెద్ద పనేం కాదు, రెండు చుక్కల మందు వేస్తే నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి, తిరక్కపోతే క్లోరిన్ లేదని అర్థం, లీటరుకి 0.2 మిల్లీగ్రాములకి తగ్గకూడదని రూలు. మున్సిపల్ ట్యాంకు దగ్గర చూసి రీడింగ్ రాసుకుంటామంటే ఒప్పుకోవద్దు, వీధి చివరి ఇంట్లో చూడమనండి, అక్కడే ముందు తగ్గిపోతుంది. వారంలో ఏమీ కాకపోతే అదే రసీదు జిరాక్సు పట్టుకుని సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కి నలుగురూ కలిసి వెళ్ళండి.