కొత్త మోకాలు, తక్కువ మత్తు – మూడో పాఠం: మొదట ఏ మాత్ర మానాలి?

పోయిన పాఠంలో నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసి రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి.

కర్నూలులో మోకాలి మార్పిడి చేయించుకుని ఇంటికి వచ్చాక మా అమ్మ రాసిన కాగితం ఇది: నిద్ర లేవగానే 4, వ్యాయామం తర్వాత 7, మధ్యాహ్నం భోజనం వేళకు 2, రాత్రి 6. ట్రమడాల్ (మత్తు కలిగించే గట్టి నొప్పి మందు) మాత్ర మాత్రం మూడు పూటలా పడుతోంది. రెండు మార్కుల నొప్పికి ట్రమడాల్ ఎందుకు? డాక్టరును అడిగితే మధ్యాహ్నం మాత్ర తీసేసి, ఆ స్థానంలో మామూలు పారాసిటమాల్ రాశారు. ఉదయం మాత్రను వ్యాయామానికి గంట ముందుకు జరిపారు. రాత్రి మాత్ర చివరికి మానవచ్చు, తొందర లేదు.

ఇక్కడొక లెక్క ఉంది. చాలామంది తప్పేది ఇక్కడే. మాత్రల అట్ట తిప్పి చూడండి. ట్రమడాల్ 37.5 మి.గ్రా. పక్కన పారాసిటమాల్ 325 అని ఉంటే అది జంట మందు, ఒకే మాత్రలో రెండూ ఉన్నట్టు. మధ్యాహ్నం మాత్ర తీసేయకముందు అమ్మకు రోజుకు అవి మూడు, విడిగా పారాసిటమాల్ 650 మరో మూడు: పారాసిటమాల్ ఒక్కటే 975, 1950 కలిపితే 2925 మి.గ్రా. ఒక రోజు తలనొప్పి అని ఎవరికీ చెప్పకుండా ఇంకో రెండు 650లు మింగింది. మొత్తం 4225! పారాసిటమాల్ రోజుకు 4000 మి.గ్రా. దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నవారికి, బక్కపలచని పెద్దవారికి హద్దు ఇంకా తక్కువ.

మాత్ర తగ్గిన పూట ఐసు పని చేయాలి. తువ్వాలులో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు, కట్టు తడవకుండా. కర్నూలు మే నెలలో అది త్వరగా నీళ్లవుతుంది, రెండో సంచి ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉంచండి. దిండు మడమ కింద పెట్టండి. మోకాలి కింద పెడితే హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగిపోయి అలాగే బిగుస్తుంది.

వారాల తరబడి ట్రమడాల్ వాడినవారు ఒక్కసారిగా ఆపవద్దు. లేపినా లేవనంత మత్తు, నెమ్మదించిన ఊపిరి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన మాత్రలు పక్కింటి నడుంనొప్పికి ఇవ్వవద్దు. 2018 నుంచి ట్రమడాల్ మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది, మొహమాటానికి పంచే సరుకు కాదు.

ఈ వారం అభ్యాసం: మీ కాగితంలో అతి తక్కువ మార్కు పడిన పూటకు గుండ్రం చుట్టి, తర్వాతి పరీక్షకు వెళ్లేటప్పుడు డాక్టరుకు చూపించండి. వచ్చే పాఠంలో రాత్రి మాత్ర, మలబద్ధకం.