కలరింగ్ పుస్తకం ఎంపిక, దాని మీదే రంగుల పరీక్ష

పెద్దల కోసం వచ్చే కలరింగ్ పుస్తకం చేతిలోకి తీసుకోగానే ఎవరైనా ముందు బొమ్మలే చూస్తారు. అందులో తప్పేమీ లేదు, నచ్చని బొమ్మకు గంటల తరబడి రంగులు వేస్తూ ఎవరూ కూర్చోలేరు. అయితే ఆ పుస్తకాన్ని చివరి పేజీదాకా వేస్తామా, నాలుగు పేజీలు వేసి అలమరలో పడేస్తామా అన్నది మాత్రం చాలావరకు కాగితమే తేలుస్తుంది. ఏ రంగు సామగ్రి మంచిదని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ ఒకే ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ పుస్తకంలో? ఒక కాగితం మీద వెన్నలా జారిన పెన్సిల్ ఇంకో కాగితం మీద సుద్దముక్కలా గీసుకుపోతుంది, ఒక పుస్తకంలో బుద్ధిగా గీత లోపలే ఉన్న మార్కర్ ఇంకో పుస్తకంలో మూడు పేజీల లోతుకు దిగుతుంది. అందువల్ల పుస్తకం కొనడం, రంగులు కొనడం అనే రెండు పనులనూ కలిపి ఆలోచించాలి.

ఈ సంగతి నేను తెలుసుకున్నది ఒక గుడ్లగూబ వల్ల. కొత్తగా ఆల్కహాల్ మార్కర్లు కొన్న రోజున, ఇష్టమైన పుస్తకంలో ఒక తీగ బొమ్మ తీసి, దాని ఆకులన్నిటికీ ముదురు ఆకుపచ్చ వేశాను. ఆ పేజీ చూడముచ్చటగా వచ్చింది. పేజీ తిప్పితే, వెనకవైపు అచ్చయిన గుడ్లగూబ ముఖం నిండా ఆకుపచ్చ చుక్కలు, సరిగ్గా కళ్లున్న చోట రెండు పెద్ద మరకలు. ఆ తరువాతి కాగితం మీద కూడా తీగ ఆనవాలు పడింది. ఎప్పటికైనా తీరికగా వేసుకుందామని నేను దాచుకున్న బొమ్మ అదే. పుస్తకం చివర ఖాళీగా ఉన్న పేజీలో ఒక్క గీత గీసి చూసుకొని ఉంటే అది పాడయ్యేది కాదు.

కాగితం, బైండింగ్, గీతలు

కాగితం బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కగడతారు, దానినే జీఎస్ఎం అంటారు. మామూలు జెరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. కలరింగ్ పుస్తకం కాగితం కూడా అంతే ఉంటే అది పెన్సిళ్లకు మాత్రమే పనికివస్తుందని అనుకోవచ్చు. 120 దాటితే జెల్ పెన్నులకూ నీటి ఆధారిత మార్కర్లకూ కొంత ధైర్యంగా వాడవచ్చు. నీటిరంగులు వేయాలంటే 200కు పైన ఉంటే మేలు, అసలైన వాటర్‌కలర్ కాగితం సాధారణంగా 300 ఉంటుంది. ఈ అంకె ఒక్కటే చూసి మోసపోకూడదు. బరువైన కాగితం కూడా బ్లాటింగ్ పేపరులా రంగును పీల్చేయవచ్చు, తేలికైనదైనా పైపూత గట్టిగా ఉన్న కాగితం రంగును ఉపరితలం మీదే నిలపవచ్చు.

పుస్తకాన్ని నేరుగా చూసే వీలుంటే ఒక పేజీని వెలుతురుకు ఎత్తి పట్టండి. వెనక పేజీలోని గీతలు ఎంత స్పష్టంగా కనిపిస్తే కాగితం అంత పలచన. తరువాత వేలికొనతో పేజీని మెల్లగా నిమరండి. సన్నని గరుకు తగిలితే పెన్సిళ్లకు మంచిది. ఎందుకంటే పెన్సిల్ సీసం అరిగి రంగుగా మారేది ఆ సన్నని ఎగుడుదిగుళ్ల మీదే, వాటి గుంటలు నిండేదాకానే పొర మీద పొర వేయగలుగుతాం. అవి నిండాక ఎంత రుద్దినా కొత్త రంగు అంటకుండా జారిపోతుంది. అద్దంలా నునుపైన కాగితం మీద రెండో పొరకే ఆ పరిస్థితి వస్తుంది, కాని అదే కాగితం మీద జెల్ పెన్ను, సన్నమొన మార్కరు హాయిగా సాగుతాయి. మరీ గరుకైతే పెన్సిల్ రంగు మధ్య తెల్లని చుక్కలు మిగిలిపోతాయి. కాగితం ఛాయను కూడా గమనించండి. మీగడ రంగు కాగితం కంటికి హాయిగా ఉంటుంది గాని, దాని మీద లేత పసుపు దాదాపు కనిపించదు, లేత నీలం కాస్త మాసినట్టు ఉంటుంది.

ఒకవైపే అచ్చువేసిన పుస్తకం దొరికితే, మిగతా విషయాలు సమానంగా ఉన్నప్పుడు నేను దానినే ఎంచుకుంటాను. రంగు వెనక్కి దిగినా అక్కడ పాడవడానికి బొమ్మ ఉండదు. బైండింగ్ సంగతి చాలామంది పట్టించుకోరు. వెన్ను జిగురుతో అతికించిన పుస్తకం పూర్తిగా విప్పుకోదు, బొమ్మ మడతలోకి వెళ్లిపోతే అక్కడికి పెన్సిల్ మొన చేరదు, బలవంతంగా అణిస్తే జిగురు పగిలి కాగితాలు ఊడతాయి. కుట్టిన బైండింగ్ చక్కగా పరుచుకుంటుంది. స్పైరల్ కూడా పరుచుకుంటుంది గాని తీగ మణికట్టుకు అడ్డుతగులుతుంది, ఎడమచేత్తో వేసేవాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. చింపుకోవడానికి వీలుగా చుక్కల కోత ఉన్న పుస్తకమైతే పేజీని విడిగా తీసి, అట్ట మీద పెట్టుకొని వేసుకోవచ్చు.

బొమ్మల్లో చూడవలసింది అన్నిటికంటే చిన్న గడి ఎంత ఉందన్నది. రెండు మిల్లీమీటర్ల రేకులతో నిండిన పువ్వుకు బాగా చెక్కిన పెన్సిలో సన్నని జెల్ పెన్నో కావాలి, కుంచెమొన మార్కరు అక్కడ గీత దాటక తప్పదు. చూపు మందగించినవాళ్లకు, చేయి వణికేవాళ్లకు మందపు గీతలు, విశాలమైన గడులు ఉన్న పుస్తకం ఎంతో ఊరటనిస్తుంది. అలాంటివి పిల్లల పుస్తకాలని చిన్నచూపు చూడడం నాకు బొత్తిగా నచ్చదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అట్టను చూసి ఊరుకోకుండా లోపలి పేజీల నమూనాలు తెరచి చూడండి. యంత్రంతో పుట్టించిన బొమ్మలు ఈమధ్య బాగా పెరిగాయి. ఎక్కడో మొదలై ఎక్కడికీ చేరని గీతలు, మూసుకోని గడులు, లెక్క తప్పిన వేళ్లు కనిపిస్తే ఆ పుస్తకం వదిలేయడం మంచిది, ఎందుకంటే ఏ గడి ఎక్కడ ముగుస్తుందో తెలియక రంగు వేసే చేయి అడుగడుగునా ఆగిపోతుంది.

పరీక్ష పేజీ

కొన్న పుస్తకంలో మొదట రంగులు పడవలసింది పరీక్ష పేజీ మీదే. కొన్ని పుస్తకాల చివర ఇందుకోసం ఒక పేజీ వదులుతారు. లేకపోతే ప్రచురణ వివరాలున్న పేజీ వెనకవైపునో, మీకు అంతగా నచ్చని బొమ్మనో ఎంచుకోండి. అట్టకు అంటుకొని ఉండే తొలి, చివరి కాగితాలను మాత్రం ఎంచుకోవద్దు, అవి చాలాసార్లు లోపలి కాగితం కంటే వేరుగా ఉంటాయి, వాటి మీద వచ్చిన ఫలితం లోపలి పేజీలకు వర్తించదు.

పేజీ కింద ఒక మందపాటి అట్టముక్క పెట్టి, మామూలు పెన్సిల్‌తో రెండు సెంటీమీటర్ల గళ్లు గీసుకోండి. ఒక్కొక్క గడి కింద సామగ్రి పేరు, రంగు సంఖ్య, తేదీ రాయండి. ప్రతి సామగ్రిలో రెండు రంగులు చాలు: ఒకటి ముదురు నీలమో ఎరుపో, ఇంకొకటి బాగా లేతది. ముదురు రంగు వెనక్కి ఎంత దిగుతుందో ఎంత పాకుతుందో చూపిస్తుంది, లేత రంగు కాగితాన్ని ఎంతవరకు కప్పగలదో చూపిస్తుంది. గడిని మూడు భాగాలు చేసి, మొదటి భాగంలో ఒక పొర, రెండోదానిలో రెండు, మూడోదానిలో మూడు పొరలు వేయండి. ఒక గడి అచ్చు గీతను దాటేలా ఉండాలి, ఆ గీత కరిగి నల్లగా అలుముకుంటుందేమో అక్కడే తెలుస్తుంది. ఇంట్లో ముద్రించుకున్న బొమ్మలకు ఇది తప్పనిసరి. ఇంక్‌జెట్ సిరా చాలాసార్లు తడికి పాకుతుంది, లేజర్ ప్రింటరు పొడి నీటికి చెక్కుచెదరదు గాని ఆల్కహాల్ మార్కరు తగిలితే కరిగిపోవచ్చు.

ఇక ఫలితాన్ని చదవడం. పేజీని వెంటనే ఒకసారి, మర్నాడు ఒకసారి తిప్పి చూడండి, ఎందుకంటే కొన్ని సిరాలు రాత్రంతా నెమ్మదిగా దిగుతాయి. వెనకవైపు రంగు నీడలా మాత్రమే కనిపిస్తే, ఒకవైపే అచ్చయిన పుస్తకంలో దానిని నిశ్చింతగా వాడవచ్చు. చుక్కలు చుక్కలుగా బయటపడితే అడుగున అట్ట తప్పనిసరి. వెనకవైపు కూడా ముందువైపు అంత గాఢంగా ఉంటే, ఆ సామగ్రి ఆ పుస్తకానికి పనికిరాదని రాసిపెట్టుకోండి. ముందువైపు అంచులను భూతద్దంతో చూడండి. రంగు కాగితం పోగుల వెంట సన్నని వేర్లలా గీత దాటి వెళ్లి ఉంటే, ఆ మార్కరుతో వేసేటప్పుడు గీతకు ఒక మిల్లీమీటరు ఇవతలే ఆగాలి, మిగిలిన చోటును రంగు తనంతట తానే నింపుతుంది.

ఒక్కో సామగ్రికి ఒక్కో ప్రత్యేక పరీక్ష ఉంది. జెల్ పెన్నుతో మూడు గీతలు గీసి, ఒకదాన్ని పది సెకన్లకు, ఇంకొకదాన్ని అర నిమిషానికి, మూడోదాన్ని రెండు నిమిషాలకు వేలితో తుడవండి. ఏది అలుక్కుపోకుండా నిలిచిందో దానిని బట్టి ఆ పుస్తకంలో ఎంతసేపు చేయి దూరంగా ఉంచాలో తెలుస్తుంది. మెరుపు రంగులు మామూలువాటికంటే ఆలస్యంగా ఆరుతాయి. నీటి ఆధారిత మార్కరును తడి ఆరకముందే అదే చోట రెండుమూడు సార్లు నడపండి. కాగితం పైపొర నలుసులు నలుసులుగా లేస్తే ఒక్క పొరతోనే సరిపెట్టుకోవాలి. ఆల్కహాల్ మార్కర్లు, కోపిక్ వంటి పేరున్నవైనా సరే, పుస్తకం కాగితాల్లో చాలావాటిని దాటి వెనక్కి దిగుతాయి. అది వాటి లోపం కాదు, చారలు లేకుండా రంగు కలిసిపోవడానికి కారణమూ ఆ ఇంకిపోయే గుణమే.

పెన్సిళ్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఏ కాగితం మీదనైనా ఎంతోకొంత పనిచేసేవి అవే. వాటిలో మైనం పాలు ఎక్కువున్నవి, నూనె పాలు ఎక్కువున్నవి అని రెండు రకాలు. ప్రిస్మాకలర్ ప్రీమియర్ మొదటి రకానికి, ఫేబర్ క్యాస్టెల్ పాలీక్రోమోస్ రెండో రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణలు. మైనం పెన్సిల్ మెత్తగా, తొందరగా నిండుతుంది, మొన త్వరగా అరుగుతుంది. నూనె పెన్సిల్ కాస్త గట్టిగా ఉండి సన్నని మొనను ఎక్కువసేపు నిలుపుకుంటుంది. పరీక్ష గడిలో ముదురు రంగును గట్టిగా నొక్కి వేసి ఒకటిరెండు వారాలు వదిలేయండి. మైనం రకమైతే పైన పలుచని తెల్లటి పొగమంచు లాంటి పొర తేలవచ్చు. మెత్తని గుడ్డతో తేలికగా తుడిస్తే అది పోతుంది, కాని అలా తేలుతుందని ముందే తెలిసి ఉంటే పేజీ పాడైందని కంగారు పడరు. ఇంకో గడిలో చేయి తేల్చి నాలుగైదు పలుచని పొరలు వేసి, ఎన్నో పొర దగ్గర రంగు జారడం మొదలైందో లెక్క రాసుకోండి. ఆ పుస్తకంలో నీడలు ఎలా వేయాలో ఆ అంకెను బట్టే నిర్ణయించుకోవచ్చు. ఒక మూలను రబ్బరుతో చెరిపి కూడా చూడండి.

రెండు సామగ్రులు కలిపి వాడాలనుకుంటే ఆ జతను కూడా ఇదే పేజీలో పరీక్షించాలి. సాధారణంగా ముందు మార్కరు, అది ఆరాక పెన్సిల్, చివర తెల్ల జెల్ పెన్నుతో మెరుపు చుక్కలు అన్న వరుస బాగా కుదురుతుంది. పెన్సిల్ మీద మార్కరు నడిపితే మైనం మొనకు అంటుకొని మార్కరు పాడవుతుంది. తెల్ల జెల్ పెన్ను కూడా మందపు మైనం మీద తడబడుతుంది, పక్కన చిత్తుకాగితం మీద నాలుగు సున్నాలు చుట్టి మొనను శుభ్రం చేసుకుంటే మళ్లీ పారుతుంది.

బొమ్మను చింపి గోడకు పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇంకో పరీక్ష అవసరం. అదే కాగితం ముక్క మీద పట్టీలుగా రంగులు వేసి, సగభాగాన్ని వంటింటి అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ తగిలే కిటికీలో రెండుమూడు నెలలు ఉంచండి. రేకు తీశాక రెండు సగాల మధ్య తేడా కనిపిస్తే ఆ రంగు వెలుతురుకు నిలవదని అర్థం. ఫ్లోరసెంట్ రంగులు ఇందులో దాదాపు ఎప్పుడూ ఓడిపోతాయి. కలర్ పెన్సిళ్ల వెలుగు నిలకడకు ఏఎస్‌టీఎం డి 6901 అనే ప్రమాణం ఉంది, పెట్టె మీద దాని ప్రస్తావన ఉంటే కొంత భరోసా. పుస్తకంలోనే మూసి ఉంచుకునే బొమ్మలకు ఈ శ్రమ అక్కరలేదు.

పెద్ద పెట్టె కొనే ముందు విడి పెన్సిళ్లో విడి మార్కర్లో రెండు తెచ్చుకొని మీ పుస్తకం మీద గీసి చూడండి. 120 రంగుల పెట్టె కొన్నాక కాగితానికి సరిపడలేదని తెలుసుకోవడం చాలా బాధాకరమైన పని. పెట్టె కొన్నాక మాత్రం అన్ని రంగులనూ అదే రకం కాగితం మీద పగటి వెలుతురులో గడులుగా వేసి ఒక పట్టిక చేసుకోండి. పెన్సిల్ ఒంటి మీద కనిపించే రంగుకూ కాగితం మీద పడే రంగుకూ ఉన్న తేడా అప్పుడే బయటపడుతుంది, ముఖ్యంగా ముదురు ఊదా, ముదురు ఆకుపచ్చ రంగుల్లో.

పరీక్షలన్నీ అయ్యాక అట్ట లోపలివైపు రెండు వాక్యాలు రాసుకోండి: ఈ పుస్తకంలో పెన్సిల్ నాలుగు పొరల దాకా, జెల్ పెన్ను అర నిమిషం ఆరబెట్టి, ఆల్కహాల్ మార్కరు వద్దు అన్నట్టుగా. అదే పుస్తకం మరో ప్రతి కొన్నా ఆ మాటలను నేరుగా ఎత్తి రాయవద్దు. కొత్త ముద్రణలో కాగితం మారి ఉండవచ్చు, కాబట్టి దాని పరీక్ష పేజీలో కూడా మళ్లీ గళ్లు గీసుకోవలసిందే.