పరుగుకి ముందోసారి, తర్వాతోసారి బరువు చూసుకోండి

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం రోడ్డు మీద పొద్దున్నే లాంగ్ రన్ చేసేవాళ్లకి ఒక మాట. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో అంచనా దొరకదు. అందుకే బయల్దేరేముందు ఓసారి, వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక ఓసారి బరువు చూడండి. కేజీ తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టే. దారిలో తాగిన నీళ్లు కూడా అందులో కలపాలి. 42.195 కిలోమీటర్ల మారథాన్ రోజున ఎంత తాగాలో ఈ లెక్కతో తేలిపోతుంది, ఆ టెన్షన్ ఉండదు. బరువు పెరిగిందంటే మాత్రం జాగ్రత్త. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటికొచ్చాక నేను ఉప్పేసిన గంజి తాగుతాను, అమ్మ అన్నం వార్చి తీసి ఉంచుతుంది. కొనుక్కునే డ్రింకుల కన్నా నాకు అదే పడింది.