ఓపీలో డిప్రెషన్ స్క్రీనింగ్: తొమ్మిదో ప్రశ్నను మింగేయకండి

కావాల్సింది ఒక కాగితం, పెన్ను, తలుపు మూసుకునే గది. షుగర్, బీపీ మందులకు నెలనెలా వచ్చేవాళ్ళతో మొదలుపెట్టండి. బీపీ పట్టీ విప్పాకే అడగాలి, ముందు కాదు.

మొదట పీహెచ్‌క్యూ-2, అంటే డిప్రెషన్‌ను పసిగట్టే చిన్న ప్రశ్నావళి, రెండే ప్రశ్నలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? దిగులుగా, నిరాశగా ఉందా? అస్సలు లేకుంటే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ ఆపైన గానీ వస్తే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9కి వెళ్ళాలి. రెండు వారాల లెక్క తెలియని పెద్దవాళ్ళకు "అమావాస్యకూ పున్నమికీ మధ్య ఉన్నన్ని దినాలు" అని చెప్పండి. "డిప్రెషన్ ఉందా?" అంటే చిత్తూరు పల్లెల్లో ఎవరూ ఉందనరు. "ఒంట్లో సత్తవ లేదు సార్, నిద్ర పట్టడంల్యా" అంటారు. కాగితం చేతికిచ్చి వరండాలో నింపుకు రమ్మంటే అన్నిటికీ ఒకే గడిలో టిక్కు పడుతుంది. నోటితో అడగాల్సిందే.

ఇక పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. చెడేదంతా ఇక్కడే. "చచ్చిపోవాలనేమీ లేదు కదమ్మా?" అని అడిగితే "లేదు" అనే వస్తుంది, ఆ జవాబు మీరే అందించారు కాబట్టి. పక్కన అత్తగారో మొగుడో ఉన్నా అంతే. వాళ్ళను మందుల కౌంటర్‌కు పంపండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా పుట్టదు. ఇలా అడగండి: "ఇంత కష్టంలో కొందరికి చచ్చిపోతే మేలనీ, ఏదైనా చేసుకోవాలనీ అనిపిస్తుంది. ఈ రెండు వారాల్లో మీకు ఎన్ని దినాలు అనిపించిందమ్మా?" అడిగాక నోరు మూసుకుని ఆగండి.

జవాబు 0 కాకుంటే మొత్తం స్కోరు ఎంతైనా సరే, అప్పుడే తేల్చుకోవాలి. ఎలా చేసుకోవాలనుకున్నారు, ఎప్పుడు, ఇంతకుముందు ప్రయత్నించారా, ఇంట్లో పురుగుల మందు ఉందా? ఉంటే ఇంట్లోంచి తీయించండి. నెల మాత్రలు ఒకేసారి ఇవ్వకండి, వారానికే ఇవ్వండి. ప్రయత్నం చేసినా, ఎలా చేసుకోవాలో ఆలోచించుకుని ఉన్నా ఒంటరిగా పంపకండి. తోడు మనిషితో ఆరోజే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద పెద్దగా రాయండి.

పీహెచ్‌క్యూ-9 మొత్తం 27కు 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరు కూర్చుని చూడాలి. స్కోరే రోగనిర్ధారణ కాదు. థైరాయిడ్, రక్తహీనత, తాగుడు అడగాలి. నిద్ర లేకున్నా అలుపెరగక, అతి హుషారుగా గడిపిన రోజులున్నాయేమో తేల్చకుండా డిప్రెషన్ మాత్రలు మొదలెట్టకూడదు.

మళ్ళీ రావాల్సిన తేదీ వేయండి. రాకపోతే ఆశా కార్యకర్తతో కబురు పంపండి, "బీపీ చూపించుకోమన్నారు" అని మాత్రమే.