మొదటి బండి కొనే ముందు ఇవి చూసుకోండి

కర్నూలులో రోజూ కల్లూరు నుంచి కలెక్టరేట్ దాకా పోయి రావడానికి పెద్ద బండి అవసరమే లేదు, 100 నుంచి 125 సీసీ చాలు. షోరూంకి పోయే ముందే ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకోండి, అది వచ్చిన 30 రోజుల తర్వాతే లైసెన్స్ టెస్టుకి పంపిస్తారు, ఆరు నెలల్లోపు ఆ పని అయిపోవాలి.

- ధర అడిగితే ఎక్స్‌షోరూం రేటు చెప్తారు, మీకు కావాల్సింది పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఆన్‌రోడ్ రేటు. కాగితం మీద రాయించుకుని ఒక్కో లైనూ చదవండి. కొత్త బండికి 5 ఏళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పనిసరి, సీటు కవరు, క్రాష్ గార్డు మాత్రం మీ ఇష్టం. నాకు హ్యాండ్లింగ్ చార్జీ అని 1,500 వేశారు, ఏందన్నా ఇది అంటే సేల్స్‌మన్ ఒక నవ్వు నవ్వి ఆ లైను కొట్టేశాడు!
- కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి.
- డెలివరీ రోజు ఛాసిస్ నంబరు (బండి ఫ్రేము మీద కొట్టి ఉండేది) కాగితాల్లో ఉన్నదీ బండి మీదదీ ఒకటేనా చూడండి.
- హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదే. పట్టీ బిగించాక వెనక నుంచి పైకి లాగితే ఊడి రాకూడదు. మన ఎండకి తీసి ట్యాంకు మీద పెట్టాలనిపిస్తుంది, తలకి పల్చటి నూలు గుడ్డ కట్టుకుని పెట్టుకోండి, చెమట కళ్లలోకి దిగదు.
- 44వ నంబరు హైవే ఎక్కే పని ఉంటే మొదటి నెల పగలే పోండి. లారీకి ఎడమపక్క దూరొద్దు, డ్రైవరుకి మీరు కనపడరు.
- తొలి వానకి రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జారుతుంది, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకుండా రెండూ కలిపి మెల్లగా నొక్కండి.
- సైడ్ స్టాండ్ పైకి తీశాకే బండి కదిలించండి.